ఓపెన్ఎంఆర్ఎస్ రివ్యూ: ఒక డాక్టరు, ఒక కౌంటరు ఉన్న క్లినిక్‌కి ఇది సరిపోతుందా

ఓపెన్ఎంఆర్ఎస్ అంటే పేషెంట్ల వైద్యం రికార్డులు కంప్యూటర్‌లో పెట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. ముందే చెప్పేస్తా, ఫ్రీ కదా అని డౌన్‌లోడ్ చేసుకుని సాయంత్రానికల్లా పేషెంట్లని ఎక్కించేద్దాం అనుకునేవాళ్లకి ఓపెన్ఎంఆర్ఎస్ కాదు. ఇన్‌స్టాల్ అయితే అవుతుంది, డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని కావాల్సినవన్నీ కలిపి ఒక మూటగా నడిపే పనిముట్టు) తెలిసినవాళ్లు పక్కనుంటే స్క్రీన్ కూడా తొందరగానే వచ్చేస్తుంది, కానీ అక్కడ కనిపించేది డెమో, మీ క్లినిక్ పని జరిగే పద్ధతి అందులో ఉండదు, అది మీరు కూర్చుని పెట్టుకోవాల్సిందే. అయినా సరే, చిన్న క్లినిక్‌కి కంప్యూటర్ రికార్డులు డిజైన్ చెయ్యాలనుకునేవాళ్లు చివరికి దీన్ని వాడినా వాడకపోయినా దీని డేటాబేస్ లోపల ఒకసారి తిరిగి రావాలి. ఎందుకో రాస్తున్నా, కాస్త పొడుగే.

ఇది పుట్టింది పెద్ద కార్పొరేట్ ఆస్పత్రి కోసం కాదు. కెన్యాలో మొసోరియట్ అనే ఊళ్లో ఉన్న ఆరోగ్య కేంద్రంలో 2001లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ మీద ఒక రికార్డు సిస్టమ్ పెట్టారు. తర్వాత అక్కడ హెచ్ఐవీ చికిత్స పెరిగి యాక్సెస్ సరిపోక, అమెరికాలోని రీజెన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లూ పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లూ కలిసి 2004లో ఓపెన్ఎంఆర్ఎస్ మొదలుపెట్టారు, 2006కి కెన్యా, రువాండాల్లో నడవడం మొదలైంది. ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, మనకి వచ్చే కష్టాలు చాలావరకు వాళ్లకి అప్పుడే వచ్చాయి, వాటి జవాబులే ఈ డిజైన్‌లో కూర్చున్నాయి.

మనలో చాలామంది మొదట చేసే పని ఏంటి, ఎక్సెల్‌లోనో యాక్సెస్‌లోనో ఒక టేబుల్ తీసి పేరు, వయసు, బీపీ, షుగర్, బరువు అని కాలమ్స్ వేసేస్తాం. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. తర్వాత డాక్టరుగారు షుగర్ పేషెంట్లకి కాళ్లు చూసిన సంగతి కూడా రాయాలంటారు, ఒక కాలమ్. గర్భిణులకి చివరి నెలసరి తేదీ, ఇంకో కాలమ్. అలా అలా వంద కాలమ్స్ అవుతాయి, ఏ పేషెంటుకైనా అందులో తొంభై ఖాళీ. ఓపెన్ఎంఆర్ఎస్‌లో ఈ గోల లేదు. చూసిన ప్రతి సంగతీ ఒక వరస: ఎవరికి, ఏ రోజు విజిట్‌లో, ఏ ప్రశ్న, ఏం జవాబు. ఆ ప్రశ్నలన్నీ కాన్సెప్ట్ డిక్షనరీ అనే వేరే చోట ఉంటాయి, కొత్త ప్రశ్న కావాలంటే అక్కడ ఒకటి చేర్చడమే, టేబుల్స్ జోలికి వెళ్లక్కర్లేదు. పైగా ఆ డిక్షనరీ మనం సున్నా నుంచి రాయక్కర్లేదు, సీఐఈఎల్ అని రెడీమేడ్‌ది ఉంది, అందులో ప్రతిదానికీ నంబరుంది (పై బీపీ 5085, కింది బీపీ 5086, బరువు 5089), జబ్బులకీ ల్యాబ్ పరీక్షలకీ దేశదేశాల్లో వాడే ఐసీడీ-10, స్నోమెడ్, లోయింక్ లాంటి కోడ్‌లకి లంకెలు కూడా అందులోనే ఉన్నాయి.

దీంతో వచ్చే లాభం ఒకటి దగ్గర్నుంచి చూపిస్తా. సీఐఈఎల్‌లో ఒంటి వేడి సెల్సియస్‌లో ఉంటుంది, 25 నుంచి 43 లోపు మాత్రమే ఒప్పుకుంటుంది. నర్సు అలవాటు కొద్దీ 98.6 కొట్టిందనుకోండి, సేవ్ అవ్వదు. ఇదే వదులుగా వదిలేసిన ఎక్సెల్ షీట్ అయితే కొన్నాళ్లకి అందులో 37లూ, 98.6లూ, "కొంచెం వెచ్చగా"లూ కలిసిపోయి ఉంటాయి, లెక్క తియ్యబోతే ఏడుపొస్తుంది. బీపీ కూడా అంతే, 120/80 అని ఒకే గడిలో రాయనివ్వదు, రెండు వేర్వేరు అంకెలు. నర్సులకి మొదట చిరాకే. కానీ పై బీపీ 140 దాటినవాళ్లు ఎవరెవరు అని ఎప్పుడైనా అడగాలంటే వేరే దారి లేదు.

వయసు సంగతి నాకు బాగా నచ్చింది. పుట్టిన తేదీ తెలీని పేషెంట్లు ఏ క్లినిక్‌కైనా వస్తారు. చాలా ప్యాకేజీలు తేదీ ఇస్తేగానీ ముందుకి పోవు, దాంతో కౌంటర్‌లో వాళ్లు అందరికీ జనవరి 1 కొట్టేస్తారు, తర్వాత ఏది నిజం తేదీయో ఏది ఉత్తుత్తిదో దేవుడికే తెలియాలి. ఇందులో వయసు చెప్తే చాలు, తేదీ అదే లెక్కగట్టి పక్కన "అంచనా" అని గుర్తు పెట్టుకుంటుంది. చిన్న పిల్లలకి మందు డోసు లెక్క వేసేటప్పుడు ఆ గుర్తు ఉందా లేదా అన్నది చాలా పెద్ద తేడా.

ఇంక పేషెంట్ నంబర్. చివర్లో ఒక తనిఖీ అక్షరం ఉంటుంది, కొట్టడంలో తప్పు పోతే పట్టేస్తుంది. ఓపెన్ఎంఆర్ఎస్ వాడేది లూన్ అనే లెక్క పద్ధతిలో అంకెలూ అక్షరాలూ కలిపి 30 గుర్తులది, అంకెల్లా కనిపించే బీ, ఐ, ఓ, క్యూ, ఎస్, జెడ్ అక్షరాలు అందులో తీసేశారు, చేతిరాతలో సున్నానీ ఓనీ కలిపేసే బాధ పోయింది. మీరు సొంతంగా సిస్టమ్ రాసుకుంటున్నా మామూలు అంకెల లూన్ అయినా పెట్టుకోండి, కష్టమేం కాదు. 1042 తీసుకోండి, కుడి చివరి నుంచి మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేస్తే 4, 4, 0, 1, మొత్తం 9, పది కావడానికి ఇంకో 1 కావాలి, అందుకని కార్డు మీద నంబరు 10421. హడావుడిలో 10241 అని కొట్టారనుకోండి, 8, 2, 0, 1 కలిపితే 11, 20 కావాలంటే 9 ఉండాలి, చివర 1 ఉంది, అంటే తప్పు. వేరేవాళ్ల కేస్ షీట్ తెరుచుకోకుండా అక్కడే ఆగిపోతుంది. పక్కపక్కనున్న 09 కాస్తా 90 అయితే మాత్రం మామూలు లూన్‌కి దొరకదు, అదొక్కటి గుర్తుంచుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది డిలీట్ బటన్. నేను చూసిన ఒక క్లినిక్‌లో, ప్యాకేజీ పేరు అనవసరం, ఒక పేషెంటుకి పెన్సిలిన్ పడదు అని రాసి ఉన్న గడిలో ఎవరో ఎడిట్ కొట్టి "దుమ్ము అలర్జీ" అని రాశారు. పాతది మాయం. ఎవరు మార్చారో తెలీదు, ఎప్పుడు మార్చారో తెలీదు, కాగితం ఫైల్ ఇంకా పారెయ్యలేదు కాబట్టి బయటపడింది. ఓపెన్ఎంఆర్ఎస్‌లో మామూలుగా ఏదీ నిజంగా చెరిగిపోదు, వాయిడ్ (చెల్లదు) అని గుర్తు పడుతుంది, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అనే మూడూ పక్కన ఉంటాయి. ఒక రీడింగ్ దిద్దితే పాత వరస అలాగే ఉండి దిద్దిన దానికి లంకె పడుతుంది. కాగితం మీద కొట్టివేసి పక్కన సంతకం పెట్టడం డాక్టర్లకి ముందునుంచీ అలవాటే కదా, కంప్యూటర్ వచ్చాక ఆ మర్యాద ఎందుకు పోవాలి. మీరు ఏ ప్యాకేజీ కొనేటప్పుడైనా అమ్మడానికి వచ్చినాయన ముందే ఒక రికార్డు మార్పించి పాతది చూపించమని అడగండి. నీళ్లు నమిలితే అక్కడితో వదిలెయ్యండి.

ఇక తిట్లు.

బరువు ఎక్కువ. జావా, టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్, మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ అనే డేటాబేస్, ఇవన్నీ కలిసి నడవాలి, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్ మీద పెడితే ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది, 8 ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. క్లినిక్‌లో ఐటీ మనిషి ఉండడు కాబట్టి ఏదైనా ఆగిపోతే లాగ్‌లు (లోపల ఏం జరిగిందో సిస్టమ్ రాసుకునే చిట్టా) చదివేవాళ్లు ఎవరో ముందే తేల్చుకోవాలి. ఫోన్ చేస్తే వచ్చేవాళ్లు ఒకరు లేకపోతే దీని జోలికే వెళ్లొద్దు, నేను సీరియస్‌గానే చెప్తున్నా. రోజూ రాత్రి బ్యాకప్ దానంతట అది వేరే డిస్కులోకి పోయేలా పెట్టించుకోండి, ఆ బ్యాకప్‌ని ఇంకో మెషీన్‌లో ఎక్కించి పేషెంట్ తెరుచుకుంటున్నాడో లేదో మీ కళ్లతో చూడండి, ఎక్కించి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

రిపోర్టులు ఇంకో తలనొప్పి. ఇందాక పొగిడిన వరసల పద్ధతే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. షుగర్ ఉండి, బీపీ 140/90 దాటి, మూడు నెలలుగా రానివాళ్ల లిస్టు కావాలి అని డాక్టరుగారు ఒక్క ముక్కలో అడుగుతారు, రాసేవాడికి మాత్రం షుగర్ ఒక వరస, పై బీపీ ఒక వరస, కింది బీపీ ఒక వరస, అదే టేబుల్‌ని దానితోనే మళ్లీ మళ్లీ జత చెయ్యాలి. రాత్రిపూట ఆ వరసల్ని మామూలు పట్టికలా పరిచే ప్రోగ్రామ్ ఒకటి పెట్టుకుంటే పగలు సుఖం.

ఫారాలు అసలు సిసలు పని. కొత్త 3వ వెర్షన్‌లో ఫారం బిల్డర్ ఉంది, పాత హెచ్‌టీఎంఎల్ ఫారాల కంటే చాలా నయం, కానీ ఏం అడగాలో అది చెప్పదుగా. ఇక్కడే అందరూ ఆశకి పోతారు, ఉన్నదల్లా డ్రాప్‌డౌన్ చేసేస్తారు, డాక్టరు పేషెంట్ మొహం చూడ్డం మానేసి స్క్రీన్‌లో వెతుక్కుంటూ ఉంటాడు, కొన్నాళ్లకి మళ్లీ కాగితమే. నా పద్ధతి ఏంటంటే, తర్వాత లెక్కపెట్టేవి, ప్రమాదం వస్తే హెచ్చరించాల్సినవి మాత్రమే కోడ్ చెయ్యాలి, అంటే వేర్వేరు గడుల్లో పెట్టాలి: వైటల్స్ (బీపీ, ఒంటి వేడి, బరువు లాంటివి), రోగ నిర్ధారణ, మందులు, అలర్జీలు, మళ్లీ రావాల్సిన తేదీ. మిగతా కథంతా ఒక పెద్ద గడిలో డాక్టరు ఇష్టమొచ్చినట్టు రాసుకోవచ్చు. మొదట్లో కెన్యాలో కూడా క్లినిక్‌లో కాగితం ఫారం నింపి ఇస్తే తర్వాత డేటా ఎంట్రీ వాళ్లు ఎక్కించేవాళ్లు, అందులో నామోషీ ఏం లేదు, టైపింగ్ రాని పెద్ద డాక్టరుగారు ఉన్నచోట ఇప్పటికీ అదే మంచిది.

కౌంటర్ స్క్రీన్ గురించి కూడా ఒక మాట. కొత్త పేషెంట్ బటన్ ఎదురుగా ఉంటే జనం అదే నొక్కుతారు, ఒకే మనిషికి మూడు స్పెల్లింగులతో మూడు ఫైళ్లు తయారవుతాయి. ముందు వెతకాలి, దొరక్కపోతేనే కొత్తది అన్న వరసలో పెట్టించుకోండి. డూప్లికేట్లు కలిపే సదుపాయం ఉంది కానీ వెనక్కి తియ్యడం నరకం, కలిపే అధికారం ఒక్కరికే ఇవ్వండి.

బిల్లింగ్ దీని అసలు బలం కాదు, మొదట్నుంచీ వైద్యం రికార్డు మీదే వాళ్ల ధ్యాస. డబ్బు లెక్క, ల్యాబ్ కూడా ఒకేచోట కావాలంటే బహ్మ్నీ చూడండి, ఓపెన్ఎంఆర్ఎస్‌కి ల్యాబ్ కోసం ఓపెన్‌ఎలిస్, లెక్కల కోసం ఓడూ జతచేసి కట్టారు, వనరులు తక్కువున్న ఆస్పత్రుల కోసమే మొదలైంది. అది మొత్తం పెడితే ఇంకా బరువు, చిన్న క్లినిక్‌ల కోసం లైట్ అని తేలికది కూడా ఉంది. ఓపెన్ఈఎంఆర్ అని వేరే ప్యాకేజీ ఉంది, పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మీద నడుస్తుంది, పెట్టడం సులువు, అపాయింట్‌మెంట్లు, మందుల చీటీ, బిల్లు అన్నీ లోపలే ఉన్నాయి, కాకపోతే అమెరికా ఇన్సూరెన్స్ పద్ధతి మెనూలు నిండా ఉంటాయి, వాటిని దాచుకోవడానికి ఓపిక కావాలి. ఒక్క డాక్టరు, ఐటీ సాయం అంతంత మాత్రం అంటే నేను ముందు ఈ ఓపెన్ఈఎంఆర్‌నే చూడమంటాను. గ్నూ హెల్త్ కూడా ఉంది, పైథాన్ భాష, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడుస్తుంది, దానిది ప్రజారోగ్యం వైపు చూపు, ఒక్క క్లినిక్‌కి అంత అవసరం పడదు. ఒకే పద్ధతిలో నడిచే నాలుగైదు క్లినిక్‌లు, ఫాలో-అప్ ఏళ్ల తరబడి సాగే జబ్బులు, చేతిలో ఒక ప్రోగ్రామర్, ఈ మూడూ ఉన్నచోట మాత్రం ఓపెన్ఎంఆర్ఎస్‌కి ఓటు వేస్తా.

ఇన్‌స్టాల్ చెయ్యకముందే వాళ్ల డెమో సైట్‌లో మీ నర్సుని కూర్చోబెట్టి ఒక రిజిస్ట్రేషన్, ఒక వైటల్స్, ఒక మందుల చీటీ చేయించి చూడండి, ఎక్కడ ఆగిందో రాసుకోండి. నిజం పేషెంట్ల పేర్లు మాత్రం అందులో కొట్టొద్దు, ఆ డెమో ఎవరైనా తెరిచి చూడొచ్చు.