ఎప్లీ విన్యాసం: ఒక్క రకం తల తిరుగుడుకే, కానీ దానికి పక్కా వైద్యం

పక్క మీద ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగి, కదలకుండా ఉంటే నిమిషంలోపే సర్దుకుంటోందా? పై అరలోని వస్తువు కోసం తలెత్తినా అంతేనా? అయితే చాలావరకు అది బీపీపీవీ, అంటే తల స్థానం మారినప్పుడు ఉన్నట్టుండి వచ్చే, ప్రాణాపాయం లేని తల తిరుగుడు. లోపలి చెవిలో యుట్రికిల్ అనే చిన్న సంచిని అంటిపెట్టుకుని ఉండాల్సిన కాల్షియం కార్బనేట్ రేణువులు ఊడి, తల తిరగడాన్ని పసిగట్టే అర్ధవృత్తాకార నాళంలోకి, ఎక్కువగా వెనుక నాళంలోకి చేరతాయి. తల కదిలించినప్పుడల్లా అవి జారుతూ అక్కడి ద్రవాన్ని లాగుతాయి. తల ఆగినా ఇంకా తిరుగుతున్నట్టే మెదడుకు కబురు వెళ్తుంది. తలను వరుసగా కొన్ని భంగిమల్లో తిప్పుతూ ఆ రేణువులను మళ్లీ యుట్రికిల్‌లోకి దొర్లించడమే ఎప్లీ పని. జాన్ ఎప్లీ దీన్ని 1992లో ప్రచురించారు. కావలసింది ఒక మంచం, తెలిసిన చేతులు.

మంచి సిట్టింగ్‌కూ నాసిరకం దానికీ తేడా ముందు చేసే డిక్స్-హాల్‌పైక్ పరీక్షలోనే తెలిసిపోతుంది. కూర్చోబెట్టి, తలను 45 డిగ్రీలు పక్కకు తిప్పి, చప్పున వెల్లకిలా పడుకోబెట్టి, తలను మంచం అంచు కిందికి సుమారు 20 డిగ్రీలు వాల్చాలి. మొదటి కొన్ని సెకన్లు ఏమీ ఉండదు. ఆ తర్వాత కనుగుడ్లు పైకి ఎగిరెగిరి పడుతూ, కిందున్న చెవి వైపు మెలి తిరుగుతాయి. ఆ కదలికను చూడకుండా ఎప్లీ చేయడం ఊహ మీద వైద్యమే. రెండు చెవులూ పరీక్షించాలి.

కుడి చెవిలో తేలితే, తల కుడివైపు వాలి ఉన్న ఆ స్థితి నుంచే మొదలు. తిరుగుడు ఆగేదాకా, కనీసం 30 సెకన్లు ఆగాలి. తలను 90 డిగ్రీలు ఎడమకు తిప్పి మళ్లీ ఆగాలి. ఆపై ఒళ్లంతా ఎడమ పక్కకు తిరిగి, ముక్కు నేలను చూసేలా ఉండాలి. చివరికి గడ్డం ఛాతీ వైపు వంచి మెల్లగా లేవాలి.

ఎక్కువగా చెడేది తొందర వల్లే: రేణువులు కిందికి దిగకముందే తల తిప్పేస్తారు. లేదా జబ్బున్న చెవికి కాకుండా రెండోదానికి చేసేస్తారు. రేణువులు వెనుక నాళంలో కాక అడ్డంగా ఉండే పార్శ్వ నాళంలో ఉంటే ఎప్లీ పనిచేయదు, దానికి పడుకుని దొర్లించే బార్బెక్యూ రోల్ వేరే ఉంది. చేస్తున్నప్పుడు వికారం, వాంతి మామూలే. మెడకు ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లకు ఇది వద్దు.

మాత్రలు వికారాన్ని తగ్గిస్తాయి గానీ రేణువులను కదిలించవు. కాబట్టి పరీక్ష చేయకుండా నెలల తరబడి మాత్రలు రాసే చోట డబ్బు దండగ. రాత్రంతా కూర్చునే నిద్రపోవాలన్న పాత నియమమూ అక్కర్లేదు.

చెవి దిబ్బడ, హోరు, వినికిడి తగ్గడంతో గంటలకొద్దీ తిరిగేది మెనియేర్స్ వ్యాధి కావచ్చు. రోజుల తరబడి ఆగకుండా తిరిగితే వెస్టిబ్యులర్ న్యూరైటిస్ (లోపలి చెవి సమతౌల్య నరం వాపు) కావచ్చు. వీటికి ఎప్లీ ఎన్నిసార్లు చేసినా ఫలితం ఉండదు. మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకరపోవడం, నిలబడలేకపోవడం తోడైతే పక్షవాతం అనుమానించి, నేరుగా అత్యవసర విభాగానికే వెళ్లాలి.

బీపీపీవీ వరకైతే ఎప్లీకి నా మార్కులు ఐదుకు నాలుగున్నర. ఆ అర తగ్గించింది, జబ్బు తిరగబెట్టే అవకాశం ఉన్నందుకు. మళ్లీ వస్తే పాత చెవే అనుకోకుండా, డిక్స్-హాల్‌పైక్ నుంచే మొదలుపెట్టించుకోండి.