పాత పడవ డెక్ లీకులకు బ్యుటైల్ టేప్: రెండేళ్లు వాడాక

మా తెరచాప పడవకి ముప్పై ఏళ్లు దాటాయి. ఒళ్లు గట్టిగానే ఉంది కానీ వానొస్తే ముందు గదిలో పరుపు తడిసిపోయేది. చుక్క పడే చోటికి, డెక్ (పడవ పైతలం) మీద నీళ్లు దిగే బోల్ట్‌కి మధ్య రెండడుగుల దూరం. గది లోపలి కప్పు విప్పి, పైన గొట్టంతో నీళ్లు పోయిస్తూ ఒక్కొక్క బోల్ట్ చూస్తే తప్ప దొంగ దొరకలేదు.

ముందు అంచుల చుట్టూ సిలికాన్ పూసి ఊరుకున్నాను. అది ఒక్క సీజన్ కూడా ఆగలేదు. పైగా అది వదిలే పొర మీద ఇంకేదీ అంటుకోదు. గీకి తీయడానికే రెండు రోజులు పట్టింది.

బ్యుటైల్ టేప్ బూడిదరంగు చుట్ట, ముట్టుకుంటే బంకమట్టిలా ఉంటుంది. ఎన్నాళ్లయినా గట్టిపడదు, దాని గొప్పంతా అక్కడే. పడవెక్కేటప్పుడు అందరూ రెయిలింగ్ స్తంభాన్నే పట్టుకుని లాగుతారు, దాని అడుగు ప్రతిసారీ కాస్త కదులుతుంది. ఎండి బిగుసుకున్న సీలెంట్ అక్కడ ఊడిపోతుంది, ఇది సాగి మళ్లీ సర్దుకుంటుంది.

పని మాత్రం ఓపికగా చేయాలి. రంధ్రం పైఅంచుని కాస్త ఏటవాలుగా చెక్కి, బోల్ట్ తల కింద టేప్ చుడితే అది ఆ గుంటలో వాషర్‌లా కూర్చుంటుంది. బిగించేటప్పుడు బోల్ట్ తిరగకూడదు, తిరిగితే సీల్ చెదురుతుంది. పైన మా అబ్బాయి స్క్రూడ్రైవర్‌తో తల పట్టుకుంటే, నేను కింద నుంచి నట్టు మాత్రమే తిప్పాను. అదీ ఒక్కసారిగా కాదు: ఇవాళ కొంత, రేపు కొంత, వారం తర్వాత ఇంకాస్త.

ఒక స్తంభం కింద డ్రిల్‌కి గోధుమరంగు తడి పొట్టు అంటుకొచ్చింది. డెక్ పొరల మధ్య బాల్సా చెక్క కుళ్లిపోయిందని అప్పుడు తెలిసింది, చాలా బాధేసింది. అలాంటిచోట ఏ టేపూ పనికిరాదు. కుళ్లంతా తవ్వి తీసి, ఆరబెట్టి, చిక్కని ఎపాక్సీ జిగురు నింపి, అది గట్టిపడ్డాక మళ్లీ రంధ్రం వేశాను.

లోపాలు లేకపోలేదు. ఎండకి వారాల తరబడి అంచుల్లోంచి ఉబికి వస్తుంది, దుమ్ము పడుతుంది. ప్లాస్టిక్ బ్లేడుతో కోసి, టేప్ ముద్దతోనే అద్దితే పోతుంది. నీటిమట్టం కింద వాడకూడదు. పెట్రోల్, డీజిల్ తగిలితే కరిగిపోతుంది కాబట్టి ఇంధనం పోసే మూత దగ్గర పాలీసల్ఫైడ్ సీలెంట్ వాడాను. చవక రకం కూడా కొనకండి. నేను మొదట కొన్నది ఎండకి జారిపోయింది, విప్పి మళ్లీ చేయాల్సి వచ్చింది.

తర్వాత కొన్న మంచి రకంతో పదకొండు ఫిట్టింగులు చేశాను. రెండేళ్లయింది, పదింట్లో చుక్క లేదు. పదకొండోది ఒక క్లీట్ (తాడు చుట్టి కట్టే కొక్కెం), కింద నట్టుకి చేయి సరిగ్గా అందక వదులుగా వదిలేశాను. ఆ తప్పు నాదే. దాన్ని విప్పి మళ్లీ చేయాలి, ఆ తర్వాత చెయిన్‌ప్లేట్లు (తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగలు బిగించే లోహపు పట్టీలు). ఇంకో చుట్ట తెప్పించాను.