పాత కేసు ఉన్నా గన్ లైసెన్స్‌కి అప్లై చేశాను: నాంపల్లి లాయర్ ఆఫీసు మీద నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఈ ఆఫీసుకి నేను అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. లైసెన్స్ చేతికొచ్చిందన్న సంతోషంతో ఇస్తున్నవి కావు అవి. నా పాత కేసును దాచిపెట్టమని ఒక్కసారి కూడా చెప్పనందుకు ఇస్తున్నవి. అయిదో స్టార్ ఎందుకివ్వలేదో కూడా చెప్తాను. ఎప్పుడో ఒక కేసులో పేరు ఎక్కి, ఇప్పుడు లైసెన్స్‌కి పెడితే ఇస్తారా ఇవ్వరా అని తెలియక వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ తిరిగేవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు, వాళ్లకి పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నా.

నాది బంగారం పని. సికింద్రాబాద్ పాట్ మార్కెట్ దగ్గర చిన్న వర్క్‌షాప్. చేసిన సరుకు చార్మినార్ వైపు షాపులకీ, ఒక్కోసారి కూకట్‌పల్లి దాకా నేనే తీసుకెళ్లి ఇవ్వాలి. మాతోపాటు పనిచేసే ఒకాయన్ని రాత్రిపూట బైక్ మీద వెంబడించి బ్యాగ్ లాక్కుపోయారు, ఆయనకి చెయ్యి విరిగింది. అప్పట్నుంచి నేను సరుకుతో బయల్దేరితే ఇల్లు చేరేదాకా మా ఇంట్లోవాళ్లకి టెన్షనే. అందుకే లైసెన్స్ ఆలోచన.

ఇక పాత కేసు. 2013లో మా ఊళ్లో, నల్లగొండ జిల్లాలో, పొలం గట్టు దగ్గర పాలోళ్లతో గొడవైంది. వాళ్లు మా నాన్న మీద, నా మీద కేసు పెట్టారు. ఐపీసీ 323 (కొట్టి గాయపరచడం), 506 (బెదిరించడం). రెండేళ్లు వాయిదాలకి తిరిగాక 2015లో లోక్ అదాలత్‌లో రాజీ అయ్యాం. ఇప్పుడు పెళ్లిళ్లకి ఒకరింటికొకరు వెళ్తున్నాం కూడా. కానీ కాగితాల్లో కేసు కేసే కదా.

లాయర్ దగ్గరికి రాకముందు ఒక కన్సల్టెన్సీ వాళ్లని కలిశాను. పేరు రాయను. లోపల కూర్చోబెట్టి, కూల్ డ్రింక్ ఇచ్చి, "అన్నా, అంత పాత కేసు ఎవరు చూస్తారు, ఫారంలో లేదు అని టిక్ పెట్టెయ్, మిగతాది మేం మేనేజ్ చేస్తాం, రికార్డు కూడా క్లీన్ చేయిస్తాం" అన్నారు. సగం డబ్బు ముందే కట్టాలట, రసీదు ఉండదట. నేను లేచి వచ్చేశాను. ఎఫ్‌ఐఆర్‌లు, కేసు వివరాలు ఇప్పుడు సీసీటీఎన్‌ఎస్ అనే పోలీసుల దేశవ్యాప్త కంప్యూటర్ నెట్‌వర్క్‌లో ఉంటున్నాయి, ఎక్కడో జిల్లాలో కేసైనా ఇక్కడ కూర్చుని చూడొచ్చు. పైగా ఆయుధాల చట్టం సెక్షన్ 17 ప్రకారం, ముఖ్యమైన విషయం దాచి తెచ్చుకున్న లైసెన్స్ అని తేలితే అది వచ్చాక కూడా రద్దు చేయొచ్చు. అంటే ఆ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన దారిలో వెళ్తే, రాజీతో తీరిపోయిన కేసు మీద కొత్తగా అబద్ధం అనే మచ్చ నాకు నేనే వేసుకోవాలి. ఇలాంటివాళ్ల చేతుల్లో ఎంతమంది పడుతున్నారో తలుచుకుంటే నిజంగా కోపమొస్తుంది.

తర్వాత ఈ ఆఫీసు. నాంపల్లి క్రిమినల్ కోర్టుల దగ్గర, పాత బిల్డింగ్ రెండో అంతస్తు. లాయర్ మేడమ్ సీనియర్, కింద ఇద్దరు జూనియర్లు. నేను గట్టు గొడవ మొదట్నుంచీ చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టి, "కథ తర్వాత వింటాను, కేసు ఎలా ముగిసిందో చెప్పండి. శిక్షా, కొట్టేశారా, రాజీయా, ఇంకా నడుస్తోందా?" అన్నారు. నిజానికి అంతా ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది, అది నాకు ఆ గంటలో అర్థమైంది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నా. 1959 ఆయుధాల చట్టంలో సెక్షన్ 9 అని ఉంది. హింసకో, నైతిక పతనం కిందికొచ్చే నేరానికో శిక్షపడి జైలు విధిస్తే, ఎన్ని రోజుల జైలైనా సరే, శిక్ష పూర్తయ్యాక అయిదేళ్లదాకా తుపాకీ పెట్టుకోవడానికే వీల్లేదు. అక్కడ అధికారి దయ చూపిద్దామన్నా కుదరదు. 21 ఏళ్లు నిండనివాళ్లకీ మామూలుగా అంతే. బైండోవర్ అయినవాళ్లకి, అంటే శాంతిభద్రతల కోసమో సత్ప్రవర్తన కోసమో బాండ్ రాసిచ్చినవాళ్లకి, ఆ బాండ్ గడువు నడుస్తున్నన్నాళ్లూ కుదరదు. సెక్షన్ 9 అడ్డు లేనివాళ్ల సంగతి సెక్షన్ 14 కింద చూస్తారు. అక్కడ అధికారికి విచక్షణ ఉంటుంది, ప్రజాశాంతికి, ప్రజల భద్రతకి ఇబ్బంది అనుకుంటే ఇవ్వకపోవచ్చు. కేసు పెండింగ్‌లో ఉందన్న ఒక్క కారణంతో లైసెన్స్ రద్దు చేయడం సరికాదని హైకోర్టులు చాలా తీర్పుల్లో చెప్పాయి కానీ, తీర్పులున్నాయి కదా అని కొత్త అప్లికేషన్ సులువుగా పాసవుతుందని అనుకోవద్దని కూడా మేడమే చెప్పారు. రౌడీషీట్ ఉంటే ఇంకా కష్టం. సెక్షన్ 9లో ఆ మాట లేకపోయినా పోలీసు రిపోర్టులో దాని బరువు దానికుంటుంది.

నా విషయంలో పాత సీఆర్‌పీసీ సెక్షన్ 320 పనికొచ్చింది. రాజీకి వీలున్న కేసులో రాజీ అయితే, దాని ఫలితం నిర్దోషిగా విడుదల చేసినట్టే. ఇన్నేళ్లూ "రాజీ అంటే తప్పు ఒప్పుకున్నట్టేగా" అని మా చుట్టాలు అంటుంటే విన్నాను, చట్టం అలా అనడం లేదన్నమాట. మా నాన్నకి ఫోన్ చేసి ఈ మాట చెప్తే చాలాసేపు మాట్లాడలేదు ఆయన.

అక్కడ నాకు బాగా నచ్చిన ఇంకో సంగతి. నాతోపాటు మా ఫ్రెండ్ కూడా వచ్చాడు, ఫైనాన్స్ వ్యాపారం, వాడికి ఒక గొడవలో బైండోవర్ ఉంది, గడువు ఇంకా పూర్తికాలేదు. మేడమ్ వాడి కాగితం చూసి, "బాబూ, ఇది అయ్యేదాకా మీరు అప్లై చేయడం వృథా. గడువు ముగిశాక రండి, ఈలోపు కొత్త గొడవ ఏదీ పెట్టుకోకండి" అని పంపించేశారు. ఫీజు తీసుకోలేదు. డబ్బు వస్తుంటే వద్దనే ఆఫీసులు ఎన్నున్నాయి చెప్పండి?

నన్ను కూడా, గన్ నిజంగా అవసరమా, సరుకుకి ఇన్సూరెన్స్ ఉందా, రూటూ టైమూ మారుస్తున్నారా, ఇంట్లో పిల్లలున్నారు కదా ఎక్కడ పెడతారు అని చాలా అడిగారు. కస్టమర్‌ని ఇంటర్వ్యూ చేస్తారేంటి అని మొదట అనిపించిన మాట నిజం. కానీ స్టేషన్‌లో ఎంక్వైరీకి పిలిచినప్పుడు సరిగ్గా అవే ప్రశ్నలు వచ్చాయి, నా దగ్గర జవాబులున్నాయి.

చేసిన పని ఏంటంటే, ముందు ఆ కోర్టు నుంచి లోక్ అదాలత్ అవార్డు, అంటే మా రాజీ ఉత్తర్వు, సర్టిఫైడ్ కాపీ తెప్పించారు. పాత రికార్డు కాబట్టి దీనికే ఎక్కువ టైం పట్టింది, జూనియర్ తమ్ముడు ఓపిగ్గా వెంటపడ్డాడు. తర్వాత ఆయుధ లైసెన్సుల ప్రభుత్వ పోర్టల్ ఎన్‌డీఏఎల్ ఏలిస్‌లో అప్లికేషన్ ఫారం ఏ-1 నింపి, కేసు వివరం దాచకుండా రాసి, దాని వెనకే అవార్డు కాపీ పెట్టారు. 2016 ఆయుధాల నిబంధనల్లో, వ్యాపారం స్వభావం వల్ల ప్రాణానికో ఆస్తికో నిజంగా రక్షణ అవసరమైనవాళ్లు అన్న మాట ఉంది, నా కవరింగ్ లెటర్ మొత్తం దాని మీదే నిలబెట్టారు. జీఎస్టీ కాగితాలు, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్స్, మా వాడి బ్యాగ్ లాక్కుపోయిన కేసు ఎఫ్‌ఐఆర్ కాపీ. మెడికల్ సర్టిఫికెట్, తుపాకీ జాగ్రత్తల ట్రైనింగ్ సర్టిఫికెట్ మనం తెచ్చుకోవాలి. పోలీసు రిపోర్టుకి నిబంధనల్లో 30 రోజులని ఉంది, నాకు మాత్రం అంతకన్నా చాలా ఎక్కువే పట్టింది. సొంతూళ్లో కూడా విచారణ చేశారు. ఎంక్వైరీ చేసిన సారు కేసు గురించి అడగబోతుండగానే నేను కాపీ తీసి ముందు పెట్టాను. "ఇది ఉందిగా, సరే" అన్నారు, అంతే. ఒకవేళ తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగొచ్చని, సెక్షన్ 18 కింద అప్పీల్ దారి ఉందని మేడమ్ ముందే చెప్పి ఉంచారు, నాకు ఆ అవసరం రాలేదు.

డాలస్‌లో ఉండే మా బావ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "ఇంత తిప్పలెందుకురా, ఇక్కడైతే" అని మొదలుపెడతాడు. టెక్సస్‌లో చట్టంలో రాసిన అర్హతలుంటే లైసెన్స్ ఇవ్వాల్సిందే, 2021 సెప్టెంబర్ నుంచైతే నిషేధం లేని 21 ఏళ్లు దాటినవాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట పెట్టుకోవచ్చు. కానీ అక్కడ కూడా క్లాస్ ఏ, బీ అనే చిన్న నేరాల కేసుల్లో శిక్షపడితే అయిదేళ్లు లైసెన్స్ రాదు, ఇంకా పెద్ద నేరమైతే కథ వేరే. హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లకి, కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టమే అడ్డు. మన దగ్గర కన్సీల్డ్ అని, అంటే గన్ బయటికి కనపడకుండా పెట్టుకుని తిరగడానికి, వేరే లైసెన్స్ లేదు. అదే లైసెన్స్, బయటికి తీసుకెళ్తే హోల్‌స్టర్‌లో, పూర్తిగా కప్పి ఉండాలి. 9 ఎంఎం అడగొద్దు, అది నిషేధిత బోరు, అంటే మామూలు జనానికి ఇవ్వని గొట్టం సైజు. నేను పాయింట్ 32 పిస్టల్‌కి పెట్టాను.

లైసెన్స్ వచ్చాక మేడమ్ మళ్లీ కూర్చోబెట్టి చెప్పారు. అయిదేళ్లకి రెన్యువల్, ఎన్నికల కోడ్ వస్తే డిపాజిట్ చేయమన్నప్పుడు చేయడం, పెళ్లి బరాత్‌లో గాల్లోకి పేల్చితే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో. మా బస్తీలో బరాత్‌లు ఎలా ఉంటాయో తెలుసు కాబట్టి ఈ ఆఖరిది మా తమ్ముడిని కూర్చోబెట్టి మరీ వినిపించాను.

ఇక కోసిన స్టార్. ఫోన్ ఎత్తరు. ఎత్తినా "మేడమ్ కోర్టులో ఉన్నారు" అని పెట్టేస్తారు, పని ఎక్కడిదాకా వచ్చిందో వాళ్లంతట వాళ్లు చెప్పరు, మనమే వెళ్లి అడగాలి. పోర్టల్‌లో మా నాన్న పేరు ఆధార్‌లో ఉన్నట్టు కాకుండా ఇంకో స్పెల్లింగ్‌తో ఎక్కించారు, దాన్ని సరిచేయించడానికి నేను మళ్లీ తిరగాల్సి వచ్చింది, ఆ ఖర్చు మాత్రం వాళ్లే పెట్టుకున్నారు. మొదటి సిట్టింగ్‌కి 1,500 తీసుకుంటారు, డాక్యుమెంట్ల పనికి విడిగా, అన్నిటికీ రసీదు ఇస్తారు. జిరాక్సులు, కాపీ ఖర్చులు పైన. ఎక్కువే అనిపించింది కానీ చెప్పిన మాటకి ఒక్క రూపాయి పెరగలేదు.

వెళ్లేవాళ్లు సాయంత్రం 5 తర్వాత వెళ్లండి, పగలు మేడమ్ దొరకరు. కేసు నంబర్, స్టేషన్ పేరు, సంవత్సరం తెలిస్తే రాసుకుని వెళ్లండి, ఆర్డర్ కాపీ ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. లిఫ్ట్ లేదు, పెద్దవాళ్లని తీసుకెళ్తే చూసుకోండి. బండికి చోటు దొరకదు, నాంపల్లి మెట్రో దిగి నడిచి వెళ్లడమే నయం.