స్విఫ్ట్‌లో మెషిన్ లెర్నింగ్ కోర్సు కొనేముందు ఇది చదవండి

'స్విఫ్ట్ ఫర్ టెన్సర్‌ఫ్లో' నేర్పిస్తామని ఎవరైనా కోర్సు అమ్మితే దయచేసి డబ్బు కట్టకండి. స్విఫ్ట్ భాషలో మెషిన్ లెర్నింగ్ (డేటా నుంచి కంప్యూటర్‌ తానే నేర్చుకునే) ప్రోగ్రాములు రాయడానికి గూగుల్ మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. దాన్ని గూగుల్ 2021 ఫిబ్రవరిలోనే ఆపేసింది. నాకా సంగతి తెలియక నాలుగు నెలల క్రితం 18,000 రూపాయలు కట్టాను.

రెండో వారంలో ఇన్‌స్టాల్ చేసే దగ్గరే ఆగిపోయాను. ఆ ఎర్రర్ గురించి వెతుకుతూ కోడ్‌ను అందరికీ కనిపించేలా పెట్టే గిట్‌హబ్ సైట్‌లో ప్రాజెక్టు పేజీ తెరిస్తే, ఆర్కైవ్ చేశామని పైనే రాసి ఉంది. అంటే కోడ్ చూసుకోవచ్చు, అంతే. అందులో తప్పులుంటే సరిదిద్దేవాళ్లు లేరు. కోర్సు అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, "స్విఫ్ట్ ఎక్కడికీ పోలేదు సార్, ఐఫోన్ యాప్‌లు దాంట్లోనే రాస్తున్నారు కదా" అన్నారు. డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

మనం మోసపోయేది ఆ మాట దగ్గరే. యాపిల్ 2014లో తెచ్చిన స్విఫ్ట్ భాష నిక్షేపంగా ఉంది. ఆగిపోయింది, మెషిన్ లెర్నింగ్ కోసం గూగుల్ దానిమీద కట్టిన ప్రాజెక్టు. డేటాతో నేర్పించి తయారుచేసిన ప్రోగ్రామ్‌ను, అంటే మోడల్‌ను, ఐఫోన్‌లో నడిపే యాపిల్ వాళ్ల కోర్ ఎంఎల్ వేరు, ఇది వేరు.

ఆలోచన మాత్రం చాలా గొప్పది. నేను ఆశపడిందీ అందుకే. స్విఫ్ట్‌ను సృష్టించిన క్రిస్ లాట్నరే గూగుల్‌లో దీన్ని నడిపించారు, 2018లో బయటపెట్టారు. మెషిన్ లెర్నింగ్‌కు ఎక్కువగా వాడే పైథాన్ భాషలో మనం రాసేది పైపైనే, లోపల బరువు మోసేది సీ ప్లస్ ప్లస్ అనే ఇంకో భాష. ఆ తేడా లేకుండా అంతా ఒకే భాషలో రాయొచ్చు, మోడల్ నేర్చుకోవడానికి కావలసిన డెరివేటివ్‌ల లెక్కలు కంపైలరే (కోడ్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామే) చూసుకుంటుంది అన్నారు. మెషిన్ లెర్నింగ్ పాఠాలు ఉచితంగా చెప్పే ఫాస్ట్ ఏఐ వాళ్లు 2019లో కొన్ని పాఠాలు స్విఫ్ట్‌లో చెప్పారు కూడా. 2020 జనవరిలో లాట్నర్ గూగుల్ వదిలి వెళ్లిపోయారు. లైబ్రరీలు, ఉదాహరణలు, ఉద్యోగాలు పైథాన్‌ను వదిలి రాలేదు. అంతకుముందు లువా అనే భాషలో ఉన్న మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ టార్చ్‌దీ ఇదే కథ, 2017లో దానికి పైథాన్ రూపమైన పైటార్చ్ వచ్చాక అందరూ అటే వెళ్లారు.

కాబట్టి ఏ కోర్సైనా సరే, కట్టేముందు దాని గిట్‌హబ్ లింకు అడగండి. చివరిసారి కోడ్ ఎప్పుడు మార్చారో చూడండి. మొదటి పాఠం కోడ్‌ను మీ ముందే, కొత్త కంప్యూటర్‌లో నడిపి చూపించమనండి. ఇవ్వను, చూపించను అంటే అక్కడితో వదిలేయండి.

ఇప్పటికే కట్టినవాళ్లు రసీదు, సిలబస్, వాళ్లు పంపిన మెసేజ్‌లు చెరిపేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. నేను నిన్న చేశాను.