ట్రాకుల అమరికకు రీపర్: అమలాపురం రికార్డింగు గదిలో మూడేళ్ల వాడకం

అమలాపురంలో నేను నడుపుతున్న చిన్న రికార్డింగు గదికి వచ్చే పనిలో సగానికి పైగా భజనలు, హరికథలు, సన్నాయి మేళాలే. కపిలేశ్వరపురంలో హరికథా పాఠశాల ఉన్న ప్రాంతం మాది. ఇక్కడ కథ వినేవారూ ఉన్నారు, దాన్ని దాచుకోవాలనుకునేవారూ ఉన్నారు. ఒక హరికథ రెండు గంటలు నడుస్తుంది. దానికి నేను ఎనిమిది మైకులు పెడతాను: భాగవతారు గళానికి ఒకటి, గజ్జెలకూ చిడతలకూ కలిపి కింద ఒకటి, వయొలిన్‌కు ఒకటి, హార్మోనియానికి ఒకటి, మృదంగం రెండు వైపులకూ రెండు, సభలోని స్పందనకు మరో రెండు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఒక్కో మోనో ట్రాకు (ఒక మైకు శబ్దాన్ని విడిగా దాచే వరుస) నిమిషానికి 8.64 మెగాబైట్లు తీసుకుంటుంది కనుక, మంగళం పాడేసరికి డిస్కు మీద 8 గిగాబైట్లకు పైగా పేరుకుంటుంది. అందువల్ల సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు అందులో ఎన్ని వాద్యాల శబ్దాలు ఉన్నాయన్నది నాకు ముఖ్యం కాలేదు. ట్రాకులనూ ఫైళ్లనూ అది ఎంత పద్ధతిగా ఉంచుకోనిస్తుందన్నదే చూశాను. ఈ సమీక్ష కూడా ఆ ఒక్క విషయానికే పరిమితం.

రీపర్ అనేది కంప్యూటర్‌లో శబ్దాన్ని పలు ట్రాకులుగా రికార్డు చేసి, కలిపి సరిదిద్దే సాఫ్ట్‌వేర్. దాన్ని తయారుచేస్తున్నది కాకోస్ అనే చిన్న సంస్థ. ఒకప్పుడు మన కంప్యూటర్లన్నిటిలో పాటలు వినిపించిన విన్‌యాంప్‌ను రూపొందించిన జస్టిన్ ఫ్రాంకెల్ దీని వెనుక ఉన్న వ్యక్తి. మొదటి పూర్తి సంస్కరణ 2006లో, నేను ఇప్పుడు వాడుతున్న 7వ సంస్కరణ 2023లో వచ్చాయి. వ్యక్తిగత వాడకానికీ, ఏడాదికి 20,000 డాలర్లకు మించి ఆదాయం లేని వ్యాపారాలకూ లైసెన్సు ధర 60 డాలర్లు. అంతకు మించినవారికి 225 డాలర్లు. రెండింటిలోనూ సాఫ్ట్‌వేర్ ఒక్కటే. కొనేముందు 60 రోజులు ఏ సౌకర్యమూ తగ్గకుండా వాడి చూడవచ్చు.

అసలు విషయం ఫోల్డర్ ట్రాకులది. రీపర్‌లో ట్రాకులకు జాతి భేదం లేదు. గొంతు రికార్డు చేసే ట్రాకు, మిడి (కీబోర్డు వాయింపును శబ్దంగా కాక సంకేతాలుగా దాచే పద్ధతి) నడిచే ట్రాకు, ఎఫెక్టు కోసం పెట్టుకునే ట్రాకు అంటూ వేరువేరుగా సృష్టించనక్కరలేదు. ఒకే రకం ట్రాకు ఏ పనికైనా వస్తుంది. ఆ ట్రాకు మీదున్న ఫోల్డర్ గుర్తును నొక్కితే అదే ఫోల్డర్ అవుతుంది, దాని కింద చేర్చినవన్నీ దాని పిల్ల ట్రాకులవుతాయి. ఈ ఫోల్డర్ కంటికి కనిపించే సర్దుబాటు మాత్రమే కాదు. పిల్ల ట్రాకుల శబ్దం మొత్తం తల్లి ట్రాకు గుండా ప్రవహించి, అన్ని ట్రాకులూ చివరికి కలిసే మాస్టర్‌కు చేరుతుంది. కనుక మృదంగం రెండు ట్రాకులను ‘మృదంగం’ అనే ఫోల్డర్‌లో పెట్టిన క్షణం నుంచే ఒకే ఫేడర్‌తో (శబ్ద స్థాయిని మార్చే మీటతో) రెండింటినీ కలిపి పెంచవచ్చు, తగ్గించవచ్చు, రెండింటికీ కలిపి శబ్దపు హెచ్చుతగ్గులను అదుపుచేసే కంప్రెసర్ ఒకటే వేయవచ్చు. ఆ ఫోల్డర్‌ను వయొలిన్, హార్మోనియంతో కలిపి ‘పక్కవాద్యాలు’ అనే పెద్ద ఫోల్డర్‌లో చేర్చవచ్చు. ఇలాంటి మరో సాఫ్ట్‌వేర్ అయిన క్యూబేస్‌లో ఫోల్డర్ ట్రాకు వేరు, శబ్దాన్ని కలిపే గ్రూప్ ఛానల్ వేరు. యాపిల్ వారి లాజిక్‌లో 2013 నుంచి ఉన్న ట్రాక్ స్టాక్‌లలో కేవలం సర్దే రకం, శబ్దాన్ని కలిపే రకం అని రెండున్నాయి. వాటికీ ప్రయోజనాలున్నాయి. అయితే నావంటి ఒంటరి పనివాడికి, చూసే క్రమమూ వినే క్రమమూ ఒకటే కావడం చాలా పెద్ద ఊరట. తెర మీద ట్రాకు ఎక్కడుందో శబ్దం కూడా అక్కడే ఉందని తెలిసినప్పుడు, అర్ధరాత్రి అలసిన చెవులతో కూర్చున్నా తప్పు ఎక్కడ జరిగిందో వెతికి పట్టుకోవచ్చు.

ఇక్కడే ఒక మెలిక ఉంది, కొత్తవారు దీన్ని తప్పక తెలుసుకోవాలి. ఫోల్డర్‌లో ఉన్న గళం ట్రాకు నుంచి ప్రతిధ్వని కోసం రివర్బ్ ట్రాకుకు ఒక సెండ్ (శబ్దపు నకలును మరో ట్రాకుకు పంపే దారి) వేశామనుకుందాం. ఆ రివర్బ్ ట్రాకు ఫోల్డర్‌కు బయట ఉంటే, ఆ సెండ్ తల్లి ట్రాకుతో సంబంధం లేకుండా నేరుగా రివర్బ్‌కు చేరుతుంది. తరువాత తల్లి ఫేడర్‌ను పూర్తిగా దించినా గొంతు ఆగిపోతుంది గాని, గుడి మండపంలోంచి వస్తున్నట్టు ప్రతిధ్వని మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. కాలువ మీద లాకు తలుపులు దించినా, ఎగువన తూము తెరిచి ఉంటే పక్క బోదెకు నీరు పోతూనే ఉండటం డెల్టాలో పుట్టినవారికి వేరే చెప్పనవసరం లేదు, ఇదీ అంతే. దీనికి రెండు మార్గాలు. రివర్బ్ ట్రాకును కూడా అదే ఫోల్డర్ లోపల పెట్టుకోవడం ఒకటి. పిల్ల ట్రాకు నుంచి కాక తల్లి ట్రాకు నుంచే సెండ్ వేయడం రెండోది. నేను మొదటి దాన్ని ఇష్టపడతాను, ఎందుకంటే ఫోల్డర్‌ను మరో ప్రాజెక్టుకు తీసుకువెళ్లినప్పుడు దాని ప్రతిధ్వని కూడా వెంట వస్తుంది.

ఇక డిస్కు మీది ఫైళ్ల సంగతి. రీపర్‌కు రాకముందు, ఒక ధనుర్మాసంలో నాలుగు ఊళ్ల గుడులలో జరిగిన కథలను రికార్డు చేసి, ట్రాకులకు పేర్లు పెట్టకుండానే అన్నింటినీ ఒకే చోట పోసి ఉంచాను. ఏడాది తరువాత ఆ భాగవతారు శిష్యులు వచ్చి, సాధన చేసుకోవడానికి గురువుగారి గళం ఒక్కటే విడిగా కావాలని అడిగారు. ఒకటి నుంచి ఎనిమిది వరకు అంకెలు తప్ప ఇంకేమీ లేని ఫైళ్లలో ఏది ఏ ఊరిదో, ఏది ఏ మైకుదో విని గుర్తించడానికి నాకు మూడు రోజులు పట్టింది. అది పూర్తిగా నా నిర్లక్ష్యమే. ఏ సాఫ్ట్‌వేర్ అయినా పేరు పెట్టనివాడికి పేరు పెట్టి ఇవ్వలేదు. అయితే రీపర్‌లో పేరు పెట్టినందుకు దక్కే ఫలితం ఎక్కువ: రికార్డయిన ప్రతి ఫైలు పేరులోనూ ట్రాకు సంఖ్య, ట్రాకు పేరు, తేదీ, సమయం వాటంతట అవే చేరతాయి. షరతు ఒక్కటే, రికార్డు మీట నొక్కకముందే ట్రాకుకు పేరు పెట్టాలి. తరువాత పెట్టిన పేరు తెర మీద మారుతుంది గాని, అప్పటికే డిస్కులో పడిన ఫైలు పేరు మారదు.

అదే విధంగా, ప్రాజెక్టును ముందుగా సేవ్ చేయకుండా రికార్డు చేస్తే ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోని ఒక సాధారణ ఫోల్డర్‌లోకి వెళ్లి పాతవాటితో కలిసిపోతాయి. నా అభిప్రాయంలో ఈ సాఫ్ట్‌వేర్ మొదటిసారి తెరిచినప్పుడే ఈ హెచ్చరిక చేయవలసింది. సేవ్ యాజ్ పెట్టెలో ప్రాజెక్టుకు ప్రత్యేక ఫోల్డర్ సృష్టించమనీ, మీడియా మొత్తాన్ని అందులోకి నకలు చేయమనీ చెప్పే గళ్లున్నాయి. ఆ రెండింటికీ టిక్కు పెట్టడం అలవాటు చేసుకుంటే సగం తలనొప్పులు తగ్గుతాయి. మైకులు బిగించే ముందే నేను ఊరి పేరు, తేదీ, కథ పేరుతో ప్రాజెక్టును సేవ్ చేస్తాను. ప్రాజెక్టు ఫైలు మామూలు పాఠ్యరూపంలో ఉండటం మరో మేలు. డిస్కు మారి ఫైళ్ల దారులు తప్పినప్పుడు నోట్‌ప్యాడ్‌లో తెరిచి పాత దారి స్థానంలో కొత్త దారిని రాసి సరిచేసుకున్న సందర్భాలు నాకున్నాయి. అలా చేసేముందు ఒక నకలు తీసి పక్కన పెట్టుకోవడం తప్పనిసరి.

ఒకసారి కుదిరిన అమరికను ట్రాక్ టెంప్లేట్‌గా, అంటే మళ్లీ వాడుకునే నమూనాగా దాచుకుంటే ఫోల్డర్లు, ఎఫెక్టులు, సెండ్‌లు అన్నీ యథాతథంగా తిరిగి వస్తాయి. హరికథకు ఒకటి, భజన బృందానికి ఒకటి, సన్నాయి మేళానికి ఒకటి చొప్పున నా దగ్గర టెంప్లేట్లు ఉన్నాయి. ట్రాకులు ఎక్కువైనప్పుడు ట్రాక్ మేనేజర్‌లో పేరుతో వెతికి, అవసరం లేనివాటిని దాచవచ్చు. ఎస్‌డబ్ల్యూఎస్ అనే ఉచిత అనుబంధాన్ని వేసుకుంటే ట్రాకు పేరును బట్టి రంగు దానంతటదే పడుతుంది. ‘డోలు’ అని రాయగానే ట్రాకు ఎర్రబడటం చిన్న విషయంగా కనిపించినా, కంటికి అది చేసే సాయం చిన్నది కాదు. 7వ సంస్కరణలో వచ్చిన ట్రాకు లేన్‌ల వల్ల సన్నాయి విద్వాంసుడు ఒకే కీర్తనను మూడుసార్లు వాయించినా మూడు ట్రాకులు పెరగవు. మూడూ ఒకే ట్రాకులో వరుసలుగా ఉంటాయి, బాగున్న భాగాలను ఏరుకోవచ్చు.

లోపాలూ ఉన్నాయి. మొదటి చూపులో తెర ఆకర్షణీయంగా ఉండదు, ఎంపికలు మరీ ఎక్కువ, తెలుగులో వివరించే వనరులు తక్కువ. కీబోర్డు మీద పాటలు కట్టేవారికి కావలసిన వాద్యాల శబ్దాలు దీనితో దాదాపుగా రావు; వారు వేరేగా సమకూర్చుకోవాలి. ఫోల్డర్ చివరి ట్రాకు దగ్గర మరొకదాన్ని లాగి వదిలేటప్పుడు అది లోపల పడిందా బయట పడిందా అన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. నేను లాగడం మానేసి, కావలసిన ట్రాకులను ఎంచుకుని కుడి మీట నొక్కి వాటిని కొత్త ఫోల్డర్‌లోకి తరలించే ఆదేశాన్నే వాడుతున్నాను.

మిక్సింగు వేరేచోట చేయించేవారికి ఫోల్డర్ల విలువ చివరిలో తెలుస్తుంది. తుది ఫైళ్లను తయారుచేసే రెండర్ పెట్టెలో స్టెమ్స్ (ఎంచుకున్న ట్రాకులను విడివిడి ఫైళ్లుగా ఇచ్చే పద్ధతి) ఎంచుకుని, గళం, పక్కవాద్యాలు, సభ అనే మూడు తల్లి ట్రాకులను మాత్రమే ఎంపిక చేస్తే ఎనిమిది ట్రాకులు మూడు ఫైళ్లుగా బయటకు వస్తాయి, వాటి పేర్లు కూడా ట్రాకు పేర్లనే అనుసరిస్తాయి. అవతలివారి దగ్గర రీపర్ లేకపోయినా ఇబ్బంది ఉండదు.

ప్రస్తుతం బుర్రకథకు టెంప్లేటు తయారుచేస్తున్నాను, అది అంత సులువుగా కుదరడం లేదు. కథకుడు పాడుతూనే తంబుర మీటుతాడు, చేతి అందెలు మోగిస్తాడు. ఇద్దరు వంతలూ మాట అందిస్తూనే డక్కీలు వాయిస్తారు. వాద్యాలన్నీ ఒక ఫోల్డర్‌లో, గొంతులన్నీ మరో ఫోల్డర్‌లో పెడితే తెర మీద ముచ్చటగా ఉంటుంది గాని, వంత గొంతు మైకులో అతని డక్కీ సగం వినబడుతూ ఉండటం వల్ల ఒక ఫోల్డర్‌ను తగ్గిస్తే రెండోదాని రుచి మారిపోతుంది. అందుకని ఈసారి వాద్యాన్ని బట్టి కాక మనిషిని బట్టి ఫోల్డర్లు కడుతున్నాను: కథకుడికి ఒకటి, కుడి వంతకు ఒకటి, ఎడమ వంతకు ఒకటి.