తంపానూర్ ఇండియన్ కాఫీ హౌస్: వడ్డించేవారే యజమానులు

తిరువనంతపురం రైల్వే స్టేషన్ దగ్గర, తంపానూర్ బస్టాండు పక్కన, ఎర్ర ఇటుకలతో గుండ్రంగా పైకి లేచిన కట్టడమే ఇండియన్ కాఫీ హౌస్. వాస్తుశిల్పి లారీ బేకర్ రూపొందించిన ఈ భవనంలో విడివిడి అంతస్తులు ఉండవు. నేలే ఏటవాలుగా చుట్టుకుంటూ పైకి సాగుతుంది, దాని అంచున గోడవెంట కట్టిన బల్లలూ అరుగులూ మాత్రం సమంగా ఉంటాయి. ఇటుకల మధ్య వదిలిన కంతల్లోంచి గాలీ వెలుతురూ ధారాళంగా వస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవారు కింది బల్ల ఖాళీ అయ్యేదాకా ఆగడం మంచిది.

మసాలా దోసెలో బీట్‌రూట్ కలిపిన ఎర్రటి కూర పెడతారు. కారానికి అలవాటుపడిన మన నాలుకకు అది తియ్యగా తోస్తుంది కనుక, నేనైతే కట్లెట్‌కే ఓటు వేస్తాను. చిక్కటి ఫిల్టర్ కాఫీ కోసమే వెళ్లేవారు మరోచోటు చూసుకోవచ్చు.

అయినా ఇక్కడికి వెళ్లమని చెప్పడానికి కారణం వడ్డన. కుచ్చు తలపాగా, తెల్లని దుస్తులు ధరించిన ఆ ఉద్యోగులు ఒక సహకార సంఘ సభ్యులు. ఒకప్పుడు దేశంలో పలుచోట్ల ఉన్న ఈ కాఫీ హౌస్‌లను ప్రభుత్వ సంస్థ అయిన కాఫీ బోర్డు నడిపేది. 1950లలో బోర్డు వాటిని మూసివేస్తూ కార్మికులను తొలగించినప్పుడు, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ఆ దుకాణాలను మీరే నడుపుకోండని వారి యూనియన్‌ను ప్రోత్సహించారు. 1957లో బెంగళూరులో తొలి సహకార సంఘం ఏర్పడింది. అదే ఏడాది ఢిల్లీలోనూ, 1958లో త్రిశ్శూరులోనూ కార్మికుల కాఫీ హౌస్‌లు తెరుచుకున్నాయి. కేరళలో ఈ పనిని భుజాన వేసుకున్న యూనియన్ నాయకుడు ఎన్.ఎస్. పరమేశ్వరన్ పిళ్లైకి ‘కాఫీ హౌస్ పిళ్లై’ అన్న పేరే స్థిరపడింది.

పాలకవర్గాన్ని కార్మికులే ఎన్నుకునే చోట జీతం పెంచమని యూనియన్ ఎవరిని అడగాలి అన్నది చిక్కు ప్రశ్నే. తినడానికి వచ్చినవారికి మాత్రం ఈ ఏర్పాటు మేలే చేసింది: ధరలు సామాన్యుడికి అందుబాటులో ఉన్నాయి, ఒక్క కాఫీ తెప్పించుకుని కూర్చున్నవారిని లేవమని తొందరపెట్టరు.

కేరళలో త్రిశ్శూరు, కణ్ణూరు కేంద్రాలుగా రెండు వేర్వేరు సంఘాలు ఈ కాఫీ హౌస్‌లను నడుపుతున్నాయి. తంపానూర్ శాఖ త్రిశ్శూరు సంఘానిది. రైలుకు గంట వ్యవధి ఉంటే సామానుతో సహా ఇక్కడికి నడిచి రావచ్చు.