కత్తెరకి 5 మార్కులు, ఎరువు బస్తాకి సున్నా

రాజమండ్రిలో మాది పాత ఇల్లు. వెనక ఓ 80 గజాల పెరడు, అందులో రెండు కొబ్బరి చెట్లు, ఒక మామిడి, గోడ వార గుండుమల్లె దుబ్బులు, నుయ్యి దగ్గర కరివేపాకు. ఈసారి ఉగాది మార్చి 19నే కదా, ఆ లోపు పెరడు ఓ దారికి తేవాలని సంక్రాంతి వెళ్లిన వారం పని పెట్టుకున్నాం. ఇంట్లో చేసేవాళ్లు లేరు (మా ఆయన పలుగు పట్టుకుంటే ఆ రాత్రి నడుముకి నేను మందు రాయాలి), అందుకని కడియపులంక వైపు ఒక నర్సరీ వాళ్లు ఇంటికొచ్చి చేసిపెడతామంటే సరే అన్నాం. ఇద్దరు మనుషులు, ఒక రోజు, ఆటోతో కలిపి 2,400 రూపాయలు. ఎరువు, మొక్కలు వేరే. నర్సరీ పేరు రాయను.

ఇద్దరిలో పెద్దాయన పనిమంతుడు. పదిహేను రోజుల ముందే ఫోన్ చేసి మల్లెలకి నీళ్లు ఆపేయమన్నాడు, ఆకు వాడిపోతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు గానీ ఆపేశాను. వచ్చాక ప్రతి దుబ్బునీ మోకాలెత్తుకి కత్తిరించి, ఎండుపుల్లలు తీసేసి, మిగిలిన ఆకు కూడా చేత్తో దూసేసి, మొదళ్ల చుట్టూ తవ్వి అప్పుడు నిండా నీళ్లు పెట్టించాడు. తిరుపతి వెళ్లొచ్చిన పిల్లల్లా ఉన్నాయి చూడ్డానికి. ఇదేంటి బాబూ అంటే, "మొగ్గ కొత్త చిగురుకే వస్తుందండి అమ్మగారూ, పాత కొమ్మ ఉంచితే ఆకే మిగులుద్ది" అన్నాడు. మార్చి మొదటి వారం నుంచి రోజూ దోసెడు మల్లెలు కోస్తున్నాను, నిరుడు ఈపాటికి పదో పరకో.

మందారానికి పిండినల్లి పట్టి ఉంటే ఆ కొమ్మలు నరికి, మా పెరట్లోనే ఓ మూల పడేయకుండా సంచిలో కట్టి పట్టుకుపోయారు. మిగిలిన చెట్టుకి లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టమన్నారు, కొట్టాం, తగ్గింది. కరివేపాకు కూడా బాగానే కత్తిరించారు.

చిక్కల్లా ఆ రెండో మనిషి, కుర్రాడితోనే వచ్చింది. మామిడి నిండా పూత మీద ఉంటే దాని మొదట్లో పైపు పడేసి వదిలేశాడు. మా అత్తగారు వీధి అరుగు మీంచి వచ్చి, "పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా దానికి నీళ్లెందుకురా అబ్బాయ్" అని ఒక్క కేకేస్తే, "ఆయ్, తీసేత్తానండి" అని పైపు లాగేశాడు. పోనీలే, అది చిన్నపని.

ఇక ఎరువు. బాగా మాగిన గెత్తం (పశువుల పేడ ఎరువు) అని చెప్పి బస్తా 250 చొప్పున నాలుగు బస్తాలు దింపారు. మాగిన ఎరువు వాసన రాదు, చేత్తో పిసికితే పొడిపొడిగా రాలుతుంది. ఇది ముద్దముద్దగా, లోపల ఇంకా వెచ్చగా ఉంది, బస్తా మూతి విప్పితే పక్కింటావిడ కిటికీ వేసేసుకుంది. రెండో బస్తా కుమ్మరిస్తే బొటనవేలంత లావు తెల్ల పురుగులు, వంకర తిరిగి, గోధుమరంగు తలకాయలతో. కొబ్బరి చెట్లున్న ఇంట్లో ఇంతకంటే టెన్షన్ ఏముంటుంది? అవి కొమ్ము పురుగు పిల్లలు. పెరిగి రెక్కలొస్తే కొబ్బరి మొవ్వులోకి తొలుచుకుపోతాయి, తర్వాత విచ్చుకున్న ఆకు కత్తెరేసి కోసినట్టు వస్తుంది. అంతా జల్లెడ పట్టి 23 పురుగులు ఏరాం, వీధి చివరి కోళ్లకి పండగ. తెరవని రెండు బస్తాలూ అలాగే మూలన ఉన్నాయి.

గులాబీలు మూడు తెచ్చారు, వేళ్ల చుట్టూ ఉన్న బంకమట్టి ముద్ద ఎండితే రాయే. పెద్దాయన నానబెట్టి కొంచెం వదులు చేసి పాతిన రెండూ చిగురేశాయి, కుర్రాడు కవరు చింపి ముద్దంతా అలాగే గోతిలో పెట్టింది పోయింది.

ఎరువు సంగతి ఫోన్ చేసి చెప్తే నర్సరీ ఆయన డబ్బులు ఇవ్వనన్నాడు, మార్చుకోండి అన్నాడు, ఆటో ఖర్చు మాత్రం మాదేనట. రెండు బస్తాలకి ఆటోకి 600 పెడతామా? మల్లెలకి మాత్రం వచ్చే జనవరిలో ఆ పెద్దాయన్నే పిలుస్తాను, నంబరు విడిగా తీసుకున్నాను. గెత్తం మా పాలబ్బాయి దొడ్లోంచి తెచ్చుకుంటాం.